రెండో ‘జ’ ఎక్కడిది?

సోమరాజుపేట మున్సిపాలిటీలో పుట్టిన పిల్లలకు పేరు రాయించే కిటికీ ముందు కొల్లాటి నూకరాజు మొదటిసారి నిలబడింది ఒక బుధవారం నాడు. సంతానం ఒక ఆడపిల్ల. వయసు నలభై రెండు రోజులు. ‘తన్మయి’ అని భార్య హైమ రాసిచ్చిన చీటీ చొక్కా జేబులో ఉంది. పది నిమిషాల పని కదా అని కొట్టు తలుపు దగ్గరగా వేసి, ‘ఇప్పుడే వస్తాను’ అని పలక మీద రాసిపెట్టి మరీ వచ్చాడు. మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే కొట్టది. బజారులో అతనికి మంచి పేరుంది. ఏ పార్టు పోతే ఆ పార్టే పోయిందని చెబుతాడు.

ఆ నిజాయితీయే కొంప ముంచింది.

దరఖాస్తులో కొత్తగా పద్నాలుగో గడి ఒకటి పుట్టుకొచ్చింది. ‘ఇంటియందు వాడుకలోనున్న ముద్దుపేరు (దాచకుండా వ్రాయవలెను)’. ఇందులో దాచడానికేముందనుకుని నూకరాజు ‘బుజ్జి’ అని గుండ్రంగా రాశాడు. కిటికీ అవతల గుమాస్తా కాగితం అందుకుని పద్నాలుగో గడి దాకా వచ్చి ఆగాడు. పెన్నుకి మూత పెట్టేశాడు.

“ఇది నా చేతుల్లో లేదండి. లోపలికెళ్ళి పరబ్రహ్మంగారిని కలవండి.”

పరబ్రహ్మం సూపరింటెండెంటు. యాభై ఆరేళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్ర పెన్సిలు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క కామా కూడా ఉండకూడని చోట ఉండనివ్వలేదని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆయన గది గుమ్మం మీద కొత్త బోర్డు మెరుస్తోంది: ‘ముద్దుపేర్ల విభాగం’.

ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

“తన్మయిలో నుంచి బుజ్జి ఎలా వచ్చింది?”

“రావడమేంటండి? మా మావయ్యగారు పిలిచారండి.”

“పిలుచుట వేరు, వచ్చుట వేరు. తమరు పిలిచే పేరు అసలు పేరులో నుంచి రావాలి. తన్మయిలో ‘బు’ ఉన్నదా? లేదు. ‘జ’ ఉన్నదా? లేదు. మరి ఈ అక్షరములు తమ ఇంటికి ఎక్కడి నుంచి చేరినట్టు?”

దొంగసొత్తు గురించి అడిగినట్టు ఉండేసరికి నూకరాజుకి చెమట పట్టింది. “మేమెక్కడా తేలేదండి. ఊళ్ళో అందరూ పిలిచేదేగా,” అన్నాడు.

“అందుకే విధానం వచ్చింది,” అన్నాడు పరబ్రహ్మం.

ఆ విధానం ఎందుకొచ్చిందో సోమరాజుపేటలో అందరికీ తెలుసు. కిందటి వేసవిలో, ఊళ్ళో నూరేళ్ళు నిండిన ముసలమ్మ ఒకావిడ ఉందని తెలిసి, సన్మానం చేయడానికి పైనుంచి పెద్ద అధికారి ఒకాయన కారేసుకుని వచ్చాడు. జాబితాలో ఆవిడ పేరు వేంకట సుబ్బ రత్నమాణిక్యాంబ. తొమ్మిదో వార్డులో ఎవర్ని అడిగినా అలాంటివాళ్ళు ఈ వీధిలో లేరన్నారు. అధికారులు ఎండలో తిరిగి తిరిగి ఒక అరుగు మీద కూలబడితే, ఆ ఇంటి ముసలమ్మ జాలిపడి మజ్జిగ పోసి, “ఎవరో పాపం రత్నమాణిక్యాంబట, నేనూ ఎప్పుడూ వినలేదు నాయనా,” అంది. ఆవిడే రత్నమాణిక్యాంబ. పుట్టినప్పటి నుంచి అందరూ ‘చిట్టి’ అనడంతో అసలు పేరు ఆవిడకే గుర్తు లేదు. పూలదండ వాడిపోయింది, కారు వెనక్కి వెళ్ళిపోయింది.

మున్సిపల్ కమిషనర్ గజేంద్ర విక్రమ్ ఈ అవమానాన్ని మనసులో పెట్టుకున్నాడు. ఆయనకి అనుసంధానం అంటే మహా ఇష్టం. అప్పటికే కుళాయిని ఇంటితోను, ఇంటిని చెత్తబుట్టతోను, చెత్తబుట్టని ఫోనుతోను అనుసంధానం చేసేశాడు. చేయాల్సినవేమీ మిగలక దిగులుగా ఉన్న సమయంలో ఈ సంగతి దొరికింది. నెల తిరక్కుండా ‘ముద్దుపేరు–అసలుపేరు అనుసంధాన విధానం’ అమల్లోకి వచ్చింది. ముద్దుపేరులోని ప్రతి అక్షరమూ అసలు పేరులో ఉండాలి, అదే వరుసలో ఉండాలి. లేకపోతే అసలు పేరు మార్చుకోవాలి, లేదా పిలవడం మానుకోవాలి. ‘ఒకే మనిషి – ఒకే పిలుపు’ అని బస్టాండులో పెద్ద బోర్డు కూడా పెట్టారు.

“అయితే ఇంకో ముద్దుపేరు పెట్టుకోండి,” అన్నాడు పరబ్రహ్మం ఉదారంగా. “తన్మయికి ‘తను’ వచ్చును. ‘మయి’ వచ్చును. మయి అనుకోండి. హాయిగా ఉంటుంది.”

“మేం అనుకుంటే చాలదండి. మా మావయ్యగారు అనలేరండి,” అన్నాడు నూకరాజు.

అది నిజం. హైమ తండ్రి పెద్దిరాజు ముప్ఫై మూడేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. జీవితమంతా మాట్లాడుతూనే గడిపాడు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట కూడా పడిపోయాయి. భార్య ఎప్పుడో పోయింది కనక హైమే తీసుకొచ్చి తన దగ్గర పెట్టుకుంది. డాక్టరు మాటలు నేర్పమన్నాడు. హైమ ‘అమ్మ’ అనమంది, ‘నీళ్ళు’ అనమంది, తన పేరు అనమంది. ఆయన పెదవులు కదిలేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి, మాట వచ్చేది కాదు. పాప పుట్టి ఇంటికి వచ్చిన రోజున తీసుకొచ్చి పక్కలో పడుకోబెడితే, ఆ గుప్పెడు పిల్లని ఎడమ చేత్తో తడిమి తడిమి, “బుజ్జి,” అన్నాడు. హైమ బాలింత అన్న సంగతి మరిచిపోయి వీధిలోకి పరిగెత్తి, పక్కింటివాళ్ళందరినీ పిలుచుకొచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన నోట అదొక్కటే మాట.

ఇదంతా నూకరాజు గబగబా చెప్పాడు. పరబ్రహ్మం శ్రద్ధగా విన్నాడు.

“సంతోషం. విధానంలో పక్షవాతానికి మినహాయింపు లేదు,” అన్నాడు. నిజంగానే బాధపడుతున్నట్టు ఉంది ఆయన ముఖం. “బుజ్జి వచ్చే అసలు పేరు ఏదైనా చూసుకు రండి. అందాకా ఆ పిలుపు నిలుపుదల చేయవలెను.”

హైమ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. సంగతి విని మిషను ఆపింది.

“నా కూతురికి పేరు నేను పెట్టుకోడానికి ఆళ్ళ పెత్తనమేంటి? పద్నాలుగో గడిలో ‘లేదు’ అని రాసేసి రావాల్సింది.”

“దాచకుండా రాయమన్నారే.”

“రాయమంటే రాసేస్తావా? నీకన్నా ఆ మిక్సీలు నయం, అప్పుడప్పుడూ మొరాయిస్తాయి!” అంది. తర్వాత తండ్రి మంచం వైపు చూసి గొంతు తగ్గించింది. “సర్లే. నాన్న మాట ఆపమంటే మాత్రం ఊరుకోను. పేరే మారుద్దాం.”

మార్చడం అనుకున్నంత తేలిక కాలేదు. ఊరంతా అదే పనిలో ఉంది. ఎదురింట్లో ‘స్వీటీ’ అని పిలుచుకునే పిల్లకి ‘స్వీయప్రభా టీకేశ్వరి’ అని పెట్టారు. టీకేశ్వరి ఏ దేవతో పూజారికి కూడా తెలియదు. సందు చివర ‘లడ్డు’ అనే పిల్లవాడు ‘లక్ష్మీ డుండిరాజు’ అయ్యాడు. అయినా పరబ్రహ్మం ఒత్తు లేదని తిప్పి పంపితే ‘లక్ష్మీ అడ్డాల డుండిరాజు’ అయ్యాడు. కవలపిల్లలని ‘చింటూ, పింటూ’ అనుకునే ఒక ఇంటివాళ్ళయితే ఆర్నెల్లు సెలవు పెట్టి వాళ్ళ అమ్మమ్మ ఊరు పోయారు. అక్కడి మున్సిపాలిటీకి ఇంకా ఈ ఆలోచన రాలేదని వినికిడి.

బుజ్జికి మాత్రం ఏ పేరూ దొరకలేదు. పురోహితుడు ‘భుజంగేశ్వరి’ అన్నాడు. హైమ చేతిలో కత్తెర ఉండడం చూసి మళ్ళీ ఆ పేరు ఎత్తలేదు. నూకరాజు బజారులో కొన్న పేర్ల పుస్తకంలో ‘బు’తో మొదలయ్యే ఆడపిల్ల పేర్లు రెండే ఉన్నాయి. రెంటిలోనూ ‘జ’ లేదు.

దొరికింది చివరికి జాకెట్టు గుడ్డ మీద. హైమ ఎవరి గుడ్డ మీద వాళ్ళ పేరు సుద్దతో రాసుకుంటుంది. రిటైరైన టీచరు అంబుజవల్లిగారి జాకెట్టు కత్తిరిస్తూ, మెడ దగ్గర వంపు తీయడానికి గుడ్డ మడిచింది. ‘అం’ మడతలోకి పోయింది. ‘బుజ’ పైకి కనబడింది.

“ఏవయ్యోయ్!” అని ఆవిడ వేసిన కేక నాలుగు వీధుల అవతల కొట్టులో ఉన్న నూకరాజుకి తప్ప అందరికీ వినబడింది.

అంబుజాక్షి అని ఖాయం చేశారు. తామర కళ్ళ పిల్ల. బు ఉంది, జ ఉంది. నూకరాజు మళ్ళీ ‘ఇప్పుడే వస్తాను’ రాసి వెళ్ళాడు.

పరబ్రహ్మం ఎర్ర పెన్సిలు తీసి ‘బు’ కింద గీత గీశాడు. “కొమ్ముతో సహా ఉన్నది. బాగు.” ‘జ’ కింద గీత గీశాడు. “దీర్ఘము తీసివేయవచ్చును. బాగు.” తర్వాత పెన్సిలు గాలిలో ఆగిపోయింది.

“రెండో జ ఎక్కడిది?”

“ఏ రెండో జ అండి?”

“బుజ్జి అనగా బు, జ, ఆ కింద మరొక జ. తమరు చూపినది ఒక్కటే. రెండవది అనధికారం.”

“అది ముద్దుకొద్దీ ఒత్తి పలకడమండి.”

“ముద్దును అక్షరముగా పరిగణించుటకు వీలులేదు,” అన్నాడు పరబ్రహ్మం. “సరే, అది అటుంచండి. గుడి సంగతేమిటి? బుజ్జిలో జ నెత్తిన గుడి ఉన్నది. అంబుజాక్షిలో గుడి ‘క్ష’ నెత్తిన ఉన్నది. అంటే తమరు గుడిని ఒక చోటు నుంచి మరొక చోటుకు తరలిస్తున్నారు.”

“అలాగే అనుకోండి.”

“అనుకోవడానికి లేదు. గుడి తరలింపు నా పరిధిలో లేదు. దేవస్థానముల ఆఫీసు వారి నిరభ్యంతర పత్రం ఉండాలి.”

నూకరాజు ఆయన ముఖంలోకి చూశాడు. నవ్వులాటేమోనని వెతికాడు. ఎక్కడా లేదు. ఉత్తరం అప్పటికే టైపవుతోంది: ‘కొల్లాటి నూకరాజు అనువారు తమ కుమార్తె నిమిత్తము గుడి యొకదానిని నాలుగవ స్థానము నుండి మూడవ స్థానమునకు తరలింపగోరుచున్నందున...’

మూడు వారాలకి జవాబు వచ్చింది. సదరు గుడి తమ జాబితాలో ఎక్కడా కనబడుట లేదనీ, అందులో విగ్రహము ఉన్నదీ లేనిదీ, ధూపదీపములు జరుగుచున్నవీ లేనివీ వెంటనే తెలియజేయవలెననీ దాని సారాంశం. నూకరాజు చేత, తన గుడిలో విగ్రహం లేదనీ, ఎప్పుడూ ఉత్సవాలు జరగలేదనీ, భవిష్యత్తులో కూడా జరపననీ రాయించుకున్నారు. ఇంకో వారానికి ఒకాయన టేపు పట్టుకుని ఇంటికి వచ్చాడు. గుడి ఎక్కడుందో చూపించమన్నాడు. హైమ పలక మీద ‘జి’ రాసి చూపించింది. ఆయన కొంచెంసేపు చూసి, టేపు చుట్టేసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నూకరాజు చతికిలబడ్డాడు. “నా వల్ల కాదు హైమా. పిల్లకి మూడు నెలలు దాటిపోయాయి. కాగితం లేనిదే ఆసుపత్రి కార్డులో పేరు ఎక్కించం అంటన్నారు. తన్మయి అనీ, మయి అనీ రాసేద్దాం. ఇంట్లో మనం ఏమనుకుంటే ఎవడు వింటాడు?”

“వింటారు. వార్డుకొక మనిషిని పెట్టారంట, గోడ పక్కన నిలబడి ఇనడానికి. సందులో లడ్డుగాడి అమ్మకి నోటీసొచ్చింది, పూర్తి పేరుతో తిట్టలేదని,” అంది హైమ.

ఆవిడ మాత్రం చతికిలబడలేదు. పాత కేలండరు చించి, అక్షరాలన్నీ విడివిడిగా కత్తిరించి చాప మీద పరుచుకుంది. చేతులు లేని గుడ్డకి చేతులు ఎలా అతకాలో తెలిసిన మనిషి. “ఎవరి నెత్తి మీదో గుడి ఎత్తుకొచ్చే బదులు, గుడి ఉన్న జి నే తెచ్చుకుంటే పోలా?” అని తనలో తను అనుకుంటూ, అంబుజ పక్కన ఒక్కో ముక్కా పెట్టి చూసింది. జీవన పెట్టింది, గుడికి బదులు గుడిదీర్ఘం వచ్చింది. జిత పెట్టింది, అర్థం చెడింది. మధ్యలో ‘రా’ ఇరికించింది. మంచం మీద నుంచి పెద్దిరాజు ఆ ముక్కలకేసి చూస్తూనే ఉన్నాడు.

అంబుజరాజిత.

హైమ వేలు పెట్టి చదివింది. బు. జ. జి. వరుసలో ఉన్నాయి, కొమ్ముంది, గుడి ఉంది, రెండో జ ఉంది. పలికితే అందంగా కూడా ఉంది. ఆవిడ పిల్లకేసి చూసింది.

“తన్మయి కన్నా ఇదే బావుంది కదూ?” అంది.

మర్నాడు పరబ్రహ్మం ఎర్ర పెన్సిలు మూడుచోట్ల ఆగింది, మూడుచోట్లా ముందుకి సాగింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆయన నవ్వాడు. “సాధు! ఎవరు కూర్చినది?”

“మా ఆడోళ్ళండి. జాకెట్లు కుడతారండి.”

“వారికి నా నమస్కారములు చెప్పండి,” అని కాగితం మీద ముద్ర వేయబోయి ఆగాడు. “ఇక క్షేత్ర పరిశీలన ఒక్కటే మిగిలినది. ఇంటి పెద్ద ఆ ముద్దుపేరుతో పిలుచుట నేను స్వయంగా వినాలి.”

ఆయన మర్నాడు పదకొండు గంటలకి, మండే ఎండలో గొడుగేసుకుని, ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. హైమ కుర్చీ వేసింది. పాప ఉయ్యాల్లో ఉంది, పెద్దిరాజు పక్కనే మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు.

“పెద్దాయనా, శిశువును పిలవండి,” అన్నాడు పరబ్రహ్మం.

పెద్దిరాజు ఉయ్యాల్లోకి తొంగిచూశాడు. ముఖమంతా విచ్చుకుంది. “బుజ్జి,” అన్నాడు.

‘11–10. పిలిచెను. స్పష్టముగా నున్నది’ అని రాసుకున్నాడు పరబ్రహ్మం. రాసి ఫైలు మూసేసరికి పెద్దిరాజు బల్ల మీద మజ్జిగ గ్లాసు వైపు చెయ్యి చాపి, “బుజ్జి,” అన్నాడు. హైమ గ్లాసు అందించింది. పరబ్రహ్మం మళ్ళీ ఫైలు తెరిచాడు. పెద్దిరాజు ఆ మజ్జిగ తాగలేదు. ఎడమ చేత్తో ఎత్తి అధికారి చేతికి అందించాడు. అధికారి ముఖం మీద చెమటలు కారుతున్నాయి. పెద్దిరాజు తల పైకెత్తి ఫ్యాను వైపు చూసి, “బుజ్జి, బుజ్జి,” అన్నాడు. హైమ లేచి ఫ్యాను జోరు పెంచింది. అప్పుడాయన పరబ్రహ్మం మణికట్టు పట్టుకుని, పిల్లాడిని దగ్గరికి లాక్కున్నట్టు లాక్కుని, “బుజ్జీ,” అన్నాడు.



“ఇది... ఎవరిని ఉద్దేశించి?” అన్నాడు పరబ్రహ్మం.

“తమరినేనండి,” అంది హైమ మొహమాటంగా. “మా నాన్నకి ఉన్నది అదొక్క మాటేనండి. ఎండనపడి వచ్చారు, మజ్జిగ తాగి కాసేపు కూర్చోమంటన్నారు.”

పరబ్రహ్మం మజ్జిగ తాగాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నెమ్మదిగా అన్నాడు: “నాకు మా తాతగారి పేరు పెట్టారమ్మా. మామగారి పేరు నోటితో అనకూడదని మా అమ్మ నన్ను ‘ఇదిగో, నిన్నే’ అనేది. బళ్ళో, ఆఫీసులో అందరూ పరబ్రహ్మంగారే. నాకు... ఆ గడి ఎప్పుడూ ఖాళీ.”

వెళ్ళేటప్పుడు గొడుగు మరిచిపోయి వెళ్ళాడు.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా పరబ్రహ్మం చూసిందంతా చూసినట్టే రాసే మనిషి కావడం. ఆయన నివేదిక ఇలా ఉంది: ‘సదరు వృద్ధుడు శిశువును, మజ్జిగ గ్లాసును, పంకాను, ఈ క్రింద సంతకము చేసినవానిని నిర్వివాదముగా బుజ్జి అని పిలిచెను. గ్లాసునకు, పంకాకు విధానము వర్తించదు. సంతకము చేసినవానికి వర్తించును.’ దానికి జతగా తన దరఖాస్తు కూడా పెట్టాడు. పరబ్రహ్మం అనే పేరులో బు, జ, జి మూడూ లేనందున, ముప్ఫై రోజులలోగా పేరు మార్చుకొనుటకు అనుమతి కోరుతున్నానని.

కమిషనర్ గజేంద్ర విక్రమ్ ఆ ఫైలు చూసి పిలిపించాడు.

“ఏమిటండీ ఇది? ఒక ముసలాయన ఏదో అంటే మీకు వర్తిస్తుందా?”

“మూడవ నిబంధన, సార్. ‘ఎవరిని ఎవరు ముద్దుగా పిలిచినను’ అని తమరే చేర్పించారు.”

“ఆయన్ని ఇంకోలా పిలవమనండి!”

“విన్నవించవచ్చును, సార్. అందుకాయన బుజ్జి అనును.”

కమిషనర్ పట్టుదల గల మనిషి. విధానాన్ని ప్రజలకు నచ్చజెప్పడం ఎలాగో స్వయంగా చూపిస్తానని, పత్రికల వాళ్ళని కూడా వెంటబెట్టుకుని నూకరాజు ఇంటికి వచ్చాడు. మంచం అంచున కూర్చుని, పెద్దిరాజు భుజం మీద చెయ్యి వేసి, కెమెరాల వైపు తిరిగి, “పెద్దాయనా, నా పేరు గజేంద్ర విక్రమ్. ఏదీ, అనండి చూద్దాం. గ...జేం...ద్ర,” అన్నాడు.

పెద్దిరాజు ఆయన ముఖాన్ని ఆపేక్షగా చూశాడు. ఎడమ చేత్తో బుగ్గ పుణికాడు.

“బుజ్జి,” అన్నాడు.

మర్నాడు పేపర్లో ‘కమిషనర్‌గారికి ముద్దుపేరు’ అని ఫొటోతో సహా వచ్చింది. పరబ్రహ్మం ఆ పేపరు కత్తిరించి, ఫైలులో అతికించి, ‘సాక్ష్యము’ అని రాసి పైకి పంపించాడు. దాంతోపాటు తన సలహా కూడా జతచేశాడు. పట్టణంలో ఇప్పటివరకూ ఆమోదం పొందిన బుజ్జి రూపం ఒక్కటే ఉన్నందున, కమిషనర్‌గారు తమ పేరును ‘గజేంద్ర విక్రమాంబుజరాజిత’ అని మార్చుకొనుట అన్నివిధములా సులభమని.

రెండు రోజులు కమిషనర్ గది తలుపు తెరుచుకోలేదు. మూడోరోజు ఒక ఉత్తర్వు వచ్చింది. ‘బుజ్జి అనునది ముద్దుపేరు కాదు, అది పలకరింపు మాత్రమే. కావున దానికి విధానము వర్తించదు.’

సోమరాజుపేట జనం ఆ ఉత్తర్వును శ్రద్ధగా చదివారు. ఆ వారంలో కిటికీకి వచ్చిన ప్రతి దరఖాస్తులోనూ పద్నాలుగో గడిలో ‘బుజ్జి’ అని ఉంది. స్వీటీ బుజ్జి అయింది. లడ్డు బుజ్జి అయ్యాడు. అమ్మమ్మ ఊరు పోయిన కవలలు తిరిగొచ్చి ఇద్దరూ బుజ్జి అయ్యారు. వార్డుల్లో గోడల పక్కన నిలబడి వినే మనుషులు కూడా, లోపల ఎవరు ఎవర్ని ఏమని పిలిచినా, ‘బుజ్జి’ అనే రాసుకుని ఇంటికి పోయేవారు. నెలాఖరున లెక్క తీస్తే ఊళ్ళో తొంభై ఎనిమిది శాతం బుజ్జిలే తేలారు. ‘ఒకే మనిషి – ఒకే పిలుపు’ అనుకున్నది ‘ఒకే పట్టణం – ఒకే పిలుపు’గా నెరవేరిందని కమిషనర్ పైకి రాశాడు. పైవాళ్ళు మెచ్చుకుని ప్రశంసాపత్రం పంపారు. ఆయన దాన్ని గోడతో అనుసంధానం చేశాడు.

పుట్టిన కాగితం రాయడానికి ముందు పరబ్రహ్మం నూకరాజుని అడిగాడు. “ఇప్పుడు బుజ్జికి అడ్డు లేదు గనుక, తన్మయి అనే పేరే కావాలన్నా పెట్టుకోవచ్చును.”

నూకరాజు ఇంటికి వెళ్ళి హైమని అడిగాడు. ఆవిడ మిషను ఆపకుండానే చెప్పింది. “ముక్క ముక్కా అతుక్కుని కుట్టుకున్న పేరయ్యా అది. ఇప్పుడు విప్పమంటే విప్పుతానా?”

ఆ కాగితాన్ని పరబ్రహ్మం తనే తీసుకొచ్చాడు. అది ఆదివారం. ఆఫీసు పని మీద కాదు, ఊరికే ఇటు వచ్చానన్నాడు. ఈమధ్య ఆదివారాలు ఆయన ఊరికే ఇటు వస్తున్నాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, పెద్దిరాజు ఆయన చెయ్యి పట్టుకుంటాడు, ఒకరు బుజ్జి అంటారు, ఒకరు వింటారు.

“చదవండి బాబూ, ఎలా రాశారో,” అంది హైమ.

పరబ్రహ్మం కళ్ళజోడు సవరించుకుని ఒక్కో అక్షరమూ విడివిడిగా చదివాడు. “అం... బు... జ... రా... జి... త.”

పెద్దిరాజు తల తిప్పాడు. పెదవులు కదిలాయి. ఉయ్యాల వైపు చూశాడు, మళ్ళీ కాగితం వైపు చూశాడు. గొంతులో ఏదో ఎక్కి దిగింది. నూకరాజు నీళ్ళ కోసం లేవబోయాడు. హైమ చెయ్యి పట్టుకుని ఆపింది.

“రా...” అన్నాడు పెద్దిరాజు. “రాజి.”

ఆయన ఉయ్యాల తాడు అందుకుని, ఈసారి గట్టిగా, “రాజీ!” అన్నాడు. పిల్ల తల ఇటు తిప్పింది. హైమ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు.

నూకరాజుకి మాత్రం గుండెల్లో రాయి పడింది. నెమ్మదిగా పరబ్రహ్మం వైపు తిరిగాడు. ఆయన చెయ్యి అప్పటికే జేబులో ఎర్ర పెన్సిలు మీదికి పోయింది. ఆయన పెదవులు తమంతట తామే లెక్కపెడుతున్నాయి. రా ఉన్నది. జి ఉన్నది. గుడితో సహా ఉన్నది. వరుసలో ఉన్నది, పక్కపక్కనే ఉన్నది. విధానం పుట్టినప్పటి నుంచి ఇంత నిర్దుష్టంగా వచ్చిన ముద్దుపేరు ఆయన చూడలేదు. కాగితంలో మాత్రం పద్నాలుగో గడిలో వేరే మాట ఉంది.

“దిద్దుబాటుకి మళ్ళీ దరఖాస్తు పెట్టాలాండి?” అన్నాడు నూకరాజు పీలగా.

“దేనికి?” అన్నాడు పరబ్రహ్మం. పెన్సిలు వదిలేసి చెయ్యి బయటికి తీశాడు. “నేనేమీ వినలేదు. ఆదివారాలు నాకు వినబడదు.”

అని, మంచం వైపు కాస్త ముందుకి వంగి కూర్చున్నాడు. పెద్దాయనకి కొత్త మాట వచ్చింది గదా, ఇక పాతది పోతుందేమోనన్న బెంగ ఆయన ముఖంలో స్పష్టంగా కనబడుతోంది. పెద్దిరాజు ఉయ్యాల తాడు వదిలి ఇటు తిరిగాడు. ఆయన ముఖంలోకి తేరిపార చూశాడు. చెయ్యి చాపి మణికట్టు పట్టుకున్నాడు.

“బుజ్జీ,” అన్నాడు.

పరబ్రహ్మం వెనక్కి వాలి కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.